డప్పు ఎందుకు కాస్తారు, సార్?

(అంబేద్కర్ జయంతి సందర్భంగా ఒక పల్లెలో, పేట వేపచెట్టు కింద జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలారా, అయ్యలారా, సంఘం మిత్రులారా, ముందు వరసలో కూర్చుని మట్టిలో గీతలు గీస్తున్న పిల్లలారా!

జయంతి సభలో పిల్లల ఆటల గురించి, సైన్సు గురించి మాట్లాడతామంటే సంఘం తమ్ముడొకాయన ముఖం చిట్లించాడు. "సార్, భూముల సంగతుంది, కూలి సంగతుంది, కేసులున్నాయి. ఆటలెందుకండీ ఇప్పుడు?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. జవాబు చివర్లో చెబుతాం. ముందు మేము చేసిన తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

మేము బడిపంతుళ్ళం. కొన్నేళ్ళ కిందట నాలుగో తరగతిలో ధ్వని పాఠం చెబుతున్నాం. పుస్తకంలో వీణ బొమ్మ ఉంది, తబలా బొమ్మ ఉంది. తీగ అదిరితే శబ్దం, తోలు అదిరితే శబ్దం అని బోర్డు మీద రాస్తున్నాం. వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. "సార్, మా నాయన డప్పు కొట్టేముందు మంట దగ్గర కాస్తాడు. ఎందుకు కాస్తారు సార్?" అంది. క్లాసంతా గొల్లుమంది. డప్పు అన్న మాటకే నవ్వు. మేమేం చేశాం? "అది పాఠంలో లేదు, కూర్చో" అన్నాం.

ఆ పిల్ల కూర్చుంది. ఆ ఏడాదంతా మళ్ళీ లేవలేదు.

మిత్రులారా, మాకు జవాబు తెలియక కాదు. మా నాయన కూడా డప్పు కాచినవాడే. లందలో చేతులు పెట్టి తోలు శుద్ధి చేసినవాడే. మా కులం ఏదో ఆ బళ్ళో అందరికీ తెలుసు. అయినా మా నోటితో మేమే చెప్పుకోవాల్సి వస్తుందని భయం. డిగ్రీ చదివాం, బి.ఇడి. చేశాం, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాం. భయం మాత్రం ఆ చొక్కా లోపలే ఉండిపోయింది. ఆ భయం కోసం ఒక పిల్ల నోరు మూయించాం.

ఈ భయం మాకు ఎక్కడ అంటింది? బళ్ళోనే అంటింది. 1990 ప్రాంతాల్లో మేము హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు, ఒక రోజు సైన్సు పెట్టె తెరిచి అయస్కాంతం బయటికి తీశారు. అది ముందు బెంచీల వాళ్ళ చేతుల్లో తిరిగి తిరిగి మూడో బెంచీ దగ్గర ఆగిపోయింది. మేము చివరి బెంచీ. "చూశారుగా, అంతే" అని పెట్టెలో పెట్టి తాళం వేశారు. పదో తరగతి దాటేదాకా మేము అయస్కాంతం ముట్టుకోలేదు. పరీక్షలో మార్కులు మాత్రం వచ్చాయి. అయస్కాంత ధర్మాలు కంఠతా పట్టాం కదా!

అంబేద్కర్ గారి చిన్నతనం గుర్తు చేసుకోండి. సాతారా బళ్ళో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారు. ప్యూను కుళాయి తిప్పితేనే మంచినీళ్ళు. ప్యూను లేని రోజు దాహంతో ఉండాల్సిందే. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు. నీళ్ళు ముట్టుకోనివ్వని బడి, అయస్కాంతం చేతికివ్వని బడి ఒక్కటే. సైన్సు అంటే ముట్టుకుని, విప్పి చూసి, తెలుసుకోవడం. అంటరానితనం అంటే ముట్టుకోనివ్వకపోవడం. ఈ రెండూ ఒక గదిలో ఇమడవు.

సరే, మా తప్పు ఎలా దిద్దుకున్నామో చెబుతాం. వేసవి సెలవుల్లో ఆ పిల్ల ఇంటికి వెళ్ళాం. "అమ్మాయ్, ఆ రోజు తప్పు మాది" అన్నాం. వాళ్ళ నాయన్ని బతిమాలి రెండు డప్పులు తెప్పించాం. పేట పిల్లలు పదిహేను మంది దాకా చేరారు. ఒక డప్పు తోలు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఉంచి, ఆయన్ని కొట్టమన్నాం. దబ్బు దబ్బుమని మొద్దుగా మోగింది. తర్వాత సెగ చూపించి కొట్టమన్నాం. కణకణలాడింది. మేమేమీ చెప్పలేదు. "ఏం తేడా?" అని మాత్రం అడిగాం. ఆరేళ్ళ బుడతడొకడు వేలితో తోలు నొక్కి చూసి, "అప్పుడు మెత్తగుంది, ఇప్పుడు గట్టిగుంది" అన్నాడు. అదండీ జవాబు! తోలు గాలిలో తేమను పీలుస్తుంది, వదులవుతుంది. వదులు తోలు నిదానంగా అదురుతుంది. సెగకు తేమ పోయి తోలు బిగుస్తుంది. బిగిసిన తోలు వేగంగా అదురుతుంది, కంఠం పైకి లేస్తుంది. పెద్ద క్లాసులో దీన్నే కంపనం, పౌనఃపున్యం అంటారు. ఆరేళ్ళ పిల్లవాడికి ఆ మాటలు అక్కర్లేదు. తడిస్తే వదులు, కాస్తే బిగువు. ఇప్పటికి అది చాలు.

అప్పుడు ఇంకో ఆట ఆడాం. ఒక డప్పును పడుకోబెట్టి తోలు మీద చారెడు నువ్వులు చల్లాం. రెండో డప్పు దాని దగ్గరగా పట్టుకుని, తగలకుండా, గట్టిగా కొట్టించాం. కింద డప్పు మీద నువ్వులు ఎగిరాయి! ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎవరు ఎగరేశారు? "దయ్యం" అన్నారు ఇద్దరు. "గాలి" అంది ఆ పిల్ల. మనం వినే శబ్దం గాలి మోసుకొచ్చే అదురు. ఆ సంగతి ఆ సాయంత్రం నువ్వుగింజలు చెప్పాయి.

ఆ రోజు నుంచి ఆదివారం ఆదివారం వేపచెట్టు కింద 'ఆటల బడి' నడుపుతున్నాం. దానికి పైసా ఖర్చు లేదు. ఎందుకంటే ప్రయోగశాల మన పేటలో ముందే ఉంది. మనం దాన్ని చూడలేదు, అంతే.

తాటిముంజెల బండి తీసుకోండి. ఎండాకాలం ముంజెలు తినేసి, రెండు బుర్రలకు మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ పోతారు మన పిల్లలు. "ఒక బుర్ర పెద్దది, ఒకటి చిన్నది పెట్టండిరా, ఏమవుతుందో చూద్దాం" అన్నాం. తిన్నగా పోదు. చిన్న బుర్ర వైపుకే తిరిగిపోతుంది. ఎందుకు? రెండూ ఒకే పుల్లకు బిగించి ఉన్నాయి కాబట్టి కలిసే తిరుగుతాయి. ఒక్క చుట్టులో పెద్ద బుర్ర ఎక్కువ నేల నడుస్తుంది, చిన్నది తక్కువ నడుస్తుంది. అందుకని బండి వంగుతుంది. రైలు చక్రాలు కూడా ఇలాగే ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. చక్రం పట్టాను తాకే చోటు లోపలివైపు లావుగా, బయటివైపు కాస్త సన్నంగా ఉంటుంది. మలుపు దగ్గర బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం తన సన్న భాగం మీద నడుస్తాయి. రైలు ఒంపు తిరుగుతుంది. రైలు మలుపు తిరిగే కిటుకు మన పిల్లవాడి చేతి కర్ర కింద ఉంది. వాడి వీపు మీద చరిచి "ఆటలేంట్రా వెధవా, పుస్తకం తీయ్" అంటాం. వాడి చేతిలో ఉన్నది కూడా పుస్తకమే కదా!

అగ్గిపెట్టెల టెలిఫోన్ ఉంది. దారం బిగువుగా ఉంటే మాట వినపడుతుంది, వదులైతే వినపడదు, మధ్యలో వేళ్ళతో పట్టుకుంటే ఆగిపోతుంది. డప్పు తోలు చెప్పిన పాఠమే దారం మళ్ళీ చెబుతుంది. అడవి ఆముదం కొమ్మ విరిచి పాలతో బుడగలు ఊదుతారు పిల్లలు. బుడగ ఎప్పుడూ గుండ్రంగానే ఎందుకుంటుంది, పలకలుగా ఎందుకుండదు అని అడగండి. (ఆ పాలు నోట్లోకి పోకూడదు, ఆ కాయ తింటే విషం. ఈ మాట ముందే చెప్పాలి.) ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరుగుతారు. చేతులు వదిలితే ఎటు పడతారు? చిన్న చెంబులో సగం నీళ్ళు పోసి తాడు కట్టి, తల మీదుగా గిరగిరా తిప్పితే నీళ్ళు ఎందుకు కారవు? తిప్పడం నెమ్మదిస్తే ఎందుకు నెత్తిన పడతాయి? పడాలి. తడవాలి. తడిసిన పిల్ల ఆ పాఠం మర్చిపోదు.

ఇప్పుడు పసుపు సంగతి. అమ్మలారా, ఇది మీరు జాగ్రత్తగా వినండి. తెల్లకాగితానికి పసుపునీళ్ళు పూసి ఆరబెట్టండి. సబ్బునీళ్ళలో ముంచిన పుల్లతో దాని మీద పిల్లల పేర్లు రాయించండి. అక్షరాలు ఎర్రగా లేస్తాయి. దాని మీద నిమ్మరసం రాస్తే మళ్ళీ పసుపు. సబ్బు, సున్నం ఒక జాతి, క్షారాలు. నిమ్మ, చింతపండు ఇంకో జాతి, ఆమ్లాలు. పసుపు వీటిని గుర్తుపట్టే సాక్షి. మన ఇళ్ళలో దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఏమిటి? పసుపూ సున్నమూ కలిపిన నీళ్ళు. మంత్రగాడు నిమ్మకాయ కోస్తే నెత్తురు కారుతుందే, అదేమిటి? కత్తికి ముందే మందారపువ్వు నలిపి పూసి ఆరబెట్టుకుంటాడు. పులుపు తగలగానే మందార రసం ఎర్రబడుతుంది. మా ఆటల బళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లలు ఈ 'మంత్రం' వేసి చూపిస్తారు. చూసిన ముసలమ్మ ఒకామె, "ఓరి వీడి దుంపతెగ, దీనికా మా కోడినిచ్చాం!" అంది.

నవ్వుకున్నాం సరే. కానీ ఇందులో ప్రాణాలున్నాయి. చేతబడి చేశారని మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పేపర్లలో చదువుతూనే ఉన్నాం. పేదవాడు పేదవాణ్ణి చంపి జైలుకు పోతాడు. ఎరుపు ఎలా వచ్చిందో ఎనిమిదేళ్ళప్పుడే తన చేత్తో చేసి చూసినవాడు, పెద్దయ్యాక ఆ ఎరుపు చూసి కర్ర పట్టుకోడని మా నమ్మకం.

ఇక లంద దగ్గరికి వద్దాం. ఆ మాట అంటే చాలామంది మన చదువుకున్నవాళ్ళే ముక్కు మూసుకుంటారు. చచ్చిన గొడ్డు తోలు రెండు రోజుల్లో కుళ్ళాలి. ఏళ్ళ తరబడి కుళ్ళకుండా కాలికి చెప్పుగా, మోటకు బొక్కెనగా ఎలా పనిచేసింది? మన తాతలు సున్నంలో నానబెట్టి వెంట్రుక ఊడదీశారు. తంగేడు చెక్క, కరక్కాయ నీళ్ళలో ఊరబెట్టారు. ఆ చెక్కలో, ఆ కాయలో ఉన్న వగరు, దాన్ని టానిన్ అంటారు, తోలులోని మాంసకృత్తును పట్టుకుని బిగిస్తుంది. ఇక అది కుళ్ళదు. ఇది రసాయన శాస్త్రం కాక మరేమిటి? ఈ శాస్త్రం చేసినవాళ్ళను ఊరి బయట పెట్టారు. వాళ్ళు కుట్టిన చెప్పులు తొడుక్కుని ఊళ్ళోవాళ్ళు నడిచారు.

చిన్న పిల్లలతో సున్నం జోలికి పోవద్దు, కళ్ళు పోతాయి. దాని బదులు ఇది చేయించండి. కరక్కాయ దంచి నీళ్ళలో నానబెట్టండి. ఇంకో గిన్నెలో తుప్పు మేకులు చింతపండు నీళ్ళలో రెండు మూడు రోజులు ఉంచండి. తర్వాత రెండూ కలపండి. నల్లటి సిరా! ఈనెపుల్లతో రాసుకోవచ్చు. తాగకూడదని మాత్రం గట్టిగా చెప్పాలి. శ్రీకాళహస్తి కలంకారీ బట్ట మీద నల్లగీత ఈ పద్ధతిలో వచ్చిందే. బట్టకు ముందు కరక్కాయ పట్టిస్తారు, తర్వాత బెల్లంలో ఊరిన తుప్పు ఇనుము నీళ్ళతో గీస్తారు. గీత నల్లబడుతుంది. లందలోని కరక్కాయా, కలంకారీలోని కరక్కాయా ఒకటే. ఒకదాన్ని కళ అన్నారు, ఇంకోదాన్ని కంపు అన్నారు. ఎందుకన్నారో పిల్లలకు మనమే చెప్పాలి.

ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. కంచ ఐలయ్య గారు 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. చర్మకారులు, కుమ్మరులు, మంగళ్ళు, చాకళ్ళు చేసే పనుల్లో ఉన్న శాస్త్రాన్ని అందులో వివరించారు. గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేశారు. మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బళ్ళలో మొదలుపెట్టి, పల్లె పిల్లల చేతనే ప్రయోగాలు చేయిస్తూ సైన్సు నేర్పారు. అది వందల బళ్ళకు పాకింది. 2002లో ప్రభుత్వమే ఆపేసింది. 1978లో అక్కడికి వచ్చిన ఇంజనీరు అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు చేసి నేర్పడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో ఫారడే అనే ఆయన కమ్మరి కొడుకు. పుస్తకాలకు అట్టలు కుట్టే పని నేర్చుకుంటూ, కుట్టే పుస్తకాలే చదివి శాస్త్రజ్ఞుడయ్యాడు. 1831లో ఆయన కనిపెట్టిన సూత్రం మీదే నేటికీ మన కరెంటు జనరేటర్లు తిరుగుతున్నాయి. అంతటివాడు ముసలితనంలో పిల్లల ముందు ఒక కొవ్వొత్తి వెలిగించి, దాని గురించే ఆరు ప్రసంగాలు చేశాడు. కొవ్వొత్తికి ఆరు ప్రసంగాలుంటే మన డప్పుకు ఎన్ని ఉండాలి?

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డుపడతారు. "చావు డప్పు కొట్టం, గొడ్డు మోయం అని పోరాడి బయటపడ్డాం. మీరు మళ్ళీ డప్పు, లంద అంటారేంటి?" అంటారు. మంచి ప్రశ్న. మేము పిల్లల్ని లందలోకి దించమనడం లేదు. వెట్టిగా డప్పు కొట్టమనడం లేదు. వెట్టి పోవాలి. ఆ వెట్టిలో ఉన్న జ్ఞానం మాత్రం పోకూడదు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పును శవం ముందు నుంచి తీసి సభ ముందుకు తెచ్చింది. అక్కణ్ణుంచి బడి ముందుకు తేవడం మన పని. మా నాయన చేతుల్లో ఉన్న రసాయనం మా పిల్లల బుర్రల్లోకి రావాలి. ఆ వాసన మా నాయన ఒంటితోనే ఆగిపోవాలి.

ఇంకొందరు తల్లిదండ్రులు కడుపు కట్టుకుని కాన్వెంటు ఫీజులు కడుతున్నారు. పిల్ల ఆడుతుంటే డబ్బు నేలపాలవుతున్నట్టు ఉంటుంది మీకు. మీ బాధ మాకు తెలుసు. మేమూ పిల్లల్ని చదివించుకుంటున్నవాళ్ళమే. కానీ ఒక్కమాట. కంఠతా పట్టిన పిల్ల పదో తరగతి గట్టెక్కుతుంది. తన చేత్తో చేసి చూసిన పిల్ల పదో తరగతి తర్వాత కూడా సైన్సు వదలదు.

సంఘం మిత్రులకు నాలుగు మాటలు. ఆదివారం సాయంత్రం ఒక్క గంట కేటాయించండి. ఒక్క ఆట, ఒక్క ప్రశ్న చాలు. జవాబు చెప్పడానికి తొందరపడొద్దు. మా పంతుళ్ళ రోగం అదే. పిల్ల తప్పు చెబితే "అలాగా, చేసి చూద్దాం" అనండి. వస్తువు చివరి పిల్ల చేతికి ముందు ఇవ్వండి, మొదటి పిల్లకు చివర ఇవ్వండి. మగపిల్లలు బండి లాక్కుని ఆడపిల్లల్ని చూస్తూ నిలబెడతారు, అది సాగనివ్వొద్దు. చెప్పులు కుట్టే తాతను, డప్పు అన్నను, పురుడు పోసే అవ్వను పిలిచి పీట వేసి కూర్చోబెట్టి, "ఈ రోజు సారు ఈయనే" అని పిల్లలకు చెప్పండి. తాతకు అక్షరాలు రాకపోవచ్చు. మాకు తోలు పని రాదు. లెక్క సరి.

తమ్ముడికి ఇస్తామన్న జవాబు ఇప్పుడు చెబుతాం. 1976లో 42వ సవరణతో మన రాజ్యాంగంలో 51-ఎ అధికరణం చేరింది. శాస్త్రీయ దృష్టిని, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని అందులో రాసి ఉంది. పేటలో పిల్ల ప్రశ్న అడిగితే "కూర్చో" అన్న మేము ఆ విధి తప్పినవాళ్ళం. 'డప్పు ఎందుకు కాస్తారు' అని అడగనిస్తేనే రేపు 'నా కూలి ఎందుకు తగ్గింది, మా భూమికి పట్టా ఏది' అని అడుగుతుంది. మన కేసులు వాదించేవాళ్ళు, మన భూమి కొలిచేవాళ్ళు, మన రోగానికి మందు కనిపెట్టేవాళ్ళు ఆ నోళ్ళలోంచే రావాలి.

రోహిత్ వేముల గుర్తున్నాడు కదా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ 2016 జనవరి 17న మనల్ని విడిచిపోయాడు. సైన్సు రచయిత కావాలన్నది తన కోరిక అని చివరి ఉత్తరంలో రాసిపోయాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్న పిల్లవాణ్ణి అక్కడిదాకా పంపించగలిగాం, నిలబెట్టుకోలేకపోయాం. యూనివర్సిటీలో పోరాటం యూనివర్సిటీలో జరగాలి. కానీ ఆ పోరాటానికి పునాది ఇక్కడ, ఐదేళ్ళ పిల్ల మొదటి ప్రశ్న దగ్గర పడాలి. ఆ ప్రశ్నకు పేటంతా చెవి ఒగ్గాలి. 'నువ్వు అడగదగ్గ మనిషివి' అని ఆ పిల్లకు అప్పుడే తెలియాలి.

చాలాసేపు మాట్లాడాం, పిల్లలు విసుక్కుంటున్నారు. సభ అయ్యాక ఇక్కడే మంట వేస్తాం. అన్నలు డప్పులు కాస్తారు. నువ్వులు మేము తెచ్చాం. పిల్లలూ, దగ్గరికి రండి, తోలు మీద చెయ్యి వేసి చూడండి. ఎందుకో మీరే చెప్పండి. ఈసారి మేము కూర్చుంటాం, మీరు లేవండి.

జై భీమ్!